రేసు కారు ఎగ్జాస్టు: డిఫ్యూజర్‌లోకి ఊదాలా, ఇంజన్‌కే వదిలేయాలా?

హనుమకొండలో మెకానికల్ ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్న మీరు అడిగింది ఇది. మీ జట్టు కేటీఎం 390 ఇంజన్‌తో ఫార్ములా స్టూడెంట్ (విద్యార్థులు తయారు చేసిన రేసు కార్ల పోటీ) కోసం కారు తయారు చేస్తోంది. 2011 నాటి రెడ్ బుల్ ఫార్ములా వన్ కారులో లాగా ఎగ్జాస్టు వాయువును వెనుక డిఫ్యూజర్‌లోకి (కారు అడుగున వెనుక వైపు పైకి వాలిన భాగం) ఊదితే డౌన్‌ఫోర్స్ (కారును నేలకు నొక్కి పట్టే గాలి బలం) పెరుగుతుందా? పైపు పొడవు ఎంత పెట్టాలి? శబ్ద పరీక్షలో నెగ్గడం ఎలా?

జవాబు ముందే చెబుతాను. మీ కారులో ఊదకండి. ఎగ్జాస్టును పూర్తిగా ఇంజన్ కోసమే డిజైన్ చేయండి. దాని చివర మాత్రం గాలిని మళ్లించే వింగు, డిఫ్యూజర్ లాంటి ఏరో భాగాలకు అడ్డు రాని చోట, వేడి ఎవరికీ తగలని చోట పెట్టండి. రెడ్ బుల్ ఆలోచన గొప్పదే, కానీ అది ఫలించడానికి కావలసిన పరిస్థితులు మీ కారులో లేవు. ఎందుకు లేవో లెక్కలతో సహా రాస్తున్నాను. నా మాట మీద నమ్మకం పెట్టుకోవద్దు, ప్రతి అంకెనూ మీ నోటుపుస్తకంలో మళ్లీ వేసి చూసుకోండి. జడ్జీల ముందు డిజైన్‌ను సమర్థించుకునే రోజున ఆ లెక్కే మీకు అండగా నిలుస్తుంది.

ముందు సూత్రం. వేగంగా వెలువడే వాయుధార తన చుట్టూ ఉన్న గాలిని కూడా వెంట లాక్కుపోతుంది. కాజీపేట మీదుగా ఒకప్పుడు నడిచిన ఆవిరి ఇంజన్లు ఈ సూత్రం మీదే బతికాయి. సిలిండర్లలో పని ముగించుకున్న ఆవిరిని పొగగొట్టం అడుగున ఉన్న సన్నని గొట్టం గుండా పైకి వదిలేవారు. ఆ ధార పొగపెట్టెలోని వాయువులను లాక్కుపోయేది, అక్కడ పీడనం తగ్గేది, ఆ లోటు పూడ్చడానికి నిప్పుగూటిలోకి గాలి దూసుకొచ్చేది. ఇంజన్ ఎంత బరువు లాగితే నిప్పు అంత బాగా మండేది. ఇందులో రెండు సంగతులు గమనించండి. ఒకటి, అక్కడ ధార మూసిన గొట్టంలో ఉంది. దాని లాగుడుకు స్పందించి వచ్చే గాలికి నిప్పు గుండా రావడం తప్ప వేరే దారి లేదు. కారు అడుగు అలా కాదు, రెండు పక్కలా తెరిచే ఉంటుంది. రెండు, ఇంజన్ పని చేసినంత సేపే ఆ లాగుడు ఉంటుంది. రైలుకు అది వరం. మూల మలుపులో యాక్సిలరేటర్ వదిలేసే రేసు డ్రైవరుకు అదే ప్రమాదం.

ఫార్ములా వన్‌లో ఈ ప్రయత్నం 2011లో మొదలు కాలేదు. 1983లో చదునైన అడుగు తప్పనిసరి చేసిన ఏడాదే రెనో తన ఆర్‌ఈ40 కారులో ఎగ్జాస్టును డిఫ్యూజర్ వైపు తిప్పింది. ఆ తర్వాత చాలా జట్లు అదే పని చేశాయి. అందరికీ ఎదురైన చిక్కు ఒక్కటే: డ్రైవరు కాలు ఎత్తగానే డౌన్‌ఫోర్స్ పడిపోయేది. 2010లో రెడ్ బుల్ డిజైనరు ఏడ్రియన్ న్యూయీ బృందం ఆర్‌బీ6 కారుతో ఆలోచనను మళ్లీ తెరపైకి తెచ్చింది. మరుసటి ఏడాది ఆర్‌బీ7లో ఎగ్జాస్టు చివరలను డిఫ్యూజర్ బయటి అంచుకు, వెనుక టైరుకు మధ్య ఉన్న సందులోకి గురిపెట్టారు.

ఆ సందే ఎందుకు? నేలను తాకే చోట తిరుగుతున్న టైరు గాలిని నలిపి పక్కకు చిమ్ముతుంది. ఆ చిమ్మిన గాలి డిఫ్యూజర్ అంచులోకి చొరబడితే కింద ఏర్పడిన తక్కువ పీడనం చెడిపోతుంది. ఎగ్జాస్టు ధార ఆ గాలిని బయటికి నెట్టి అంచుకు కాపలా కాసింది. అంటే అక్కడ డౌన్‌ఫోర్స్ పెరగడానికి ప్రధాన కారణం ధార నేరుగా లాగిన గాలి కాదు. అంచు దగ్గర లీకును ఆపడం వల్ల మొత్తం అడుగు భాగం తన పని తాను సక్రమంగా చేయగలిగింది. కారు వెనుక భాగాన్ని బాగా ఎత్తి, ముందు భాగాన్ని నేలకు దించి నడపగలిగింది కూడా ఈ కాపలా వల్లనే. వెనుక ఎత్తు పెరిగితే డిఫ్యూజర్ పరిమాణం పెరిగినట్టే, కానీ పక్కల సందు కూడా పెరుగుతుంది. ఆ సందును వాయుధారతో మూశారు. అదే ఏడాది రెనో జట్టు ఆర్‌31 కారులో ఎగ్జాస్టును ఏకంగా సైడ్‌పాడ్ (డ్రైవరుకు పక్కన ఉండే ఉబ్బెత్తు భాగం) ముందు భాగంలో తెరిచి, అడుగు మొదలయ్యే చోటే ఊదింది. ఒకే సమస్యకు పూర్తిగా వేరే పరిష్కారం. ఆ ఆలోచన మీద నాకు ఇప్పటికీ గౌరవం ఉంది.

ఇక అసలు నేర్పు ఇంజన్ కంట్రోల్ కంప్యూటర్‌లో ఉంది. డ్రైవరు కాలు ఎత్తినా, ఇంజన్‌లోకి గాలిని వదిలే థ్రాటిల్‌ను తెరిచే ఉంచేవారు. ఇంధనం ఆపేసి గాలిని మాత్రమే పంపితే దాన్ని చల్లని ఊదుడు అన్నారు. కొంత ఇంధనం కూడా ఇచ్చి, స్పార్కును బాగా ఆలస్యం చేసి, దహనం ఎగ్జాస్టు పైపులో కూడా కొనసాగేలా చేస్తే అది వేడి ఊదుడు. దీనికి మూల్యం ఉంది: ఇంధనం ఎక్కువ ఖర్చవుతుంది, ఎగ్జాస్టు వాల్వులు, పైపులు విపరీతంగా వేడెక్కుతాయి. అయినా మలుపులోకి దిగేటప్పుడు డౌన్‌ఫోర్స్ నిలకడగా ఉండడం వల్ల కలిసొచ్చే సమయం ముందు ఆ ఖర్చు లెక్కలోకి రాలేదు. 2011 బ్రిటిష్ గ్రాండ్ ప్రి వారాంతంలో, ఫార్ములా వన్ నియమాలు చూసే ఎఫ్‌ఐఏ ఈ పద్ధతికి కళ్లెం వేసింది, ఆ రేసును ఫెరారీతో అలోన్సో గెలిచాడు. తర్వాతి రేసుకే ఆ ఆంక్ష ఎత్తివేశారు. ఆ సీజన్‌లో సెబాస్టియన్ వెటెల్ 15 పోల్ పొజిషన్లు (రేసును అందరికన్నా ముందు నుంచి మొదలుపెట్టే చోటు), 11 విజయాలు సాధించాడు. అక్టోబర్ 30న గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ సర్క్యూట్‌లో జరిగిన తొలి ఇండియన్ గ్రాండ్ ప్రిలో గెలిచింది కూడా ఈ కారే.

2012లో నిబంధనలు మారి ఎగ్జాస్టు చివరను పైకి జరిపాయి, దాన్ని పైకి చూసేలా వంచి పెట్టాలన్నాయి. ఇంజనీర్లు ఊరుకోలేదు. కుంభాకారంగా వంగిన ఉపరితలాన్ని అంటిపెట్టుకుని ప్రవహించే గుణం వాయుధారకు ఉంది. రుమేనియా శాస్త్రవేత్త పేరు మీద దీన్ని కోఆండా ప్రభావం అంటారు. మెక్‌లారెన్, సౌబర్ జట్లు ముందుగా ఆ వంపులు చెక్కి ధారను మళ్లీ కిందికి, టైరు పక్కకు దించాయి. 2014లో 1.6 లీటర్ల టర్బో హైబ్రిడ్ ఇంజన్లు రావడంతో పాటు ఎగ్జాస్టు చివర కారు మధ్యలో ఒక్కటే ఉండాలన్న నియమం వచ్చింది. వాయువులోని శక్తిని టర్బైను ముందే తీసుకుంటుంది కాబట్టి ఆ కథకు అంతటితో తెర పడింది.

ఇప్పుడు మీ కారు లెక్క. 373 సీసీ ఇంజన్ 9,000 ఆర్‌పీఎం వద్ద సెకనుకు 75 సార్లు గాలి పీలుస్తుంది, అంటే సుమారు 28 లీటర్లు. వరంగల్ మే నెల ఎండలో ఘనపు మీటరు గాలి బరువు దాదాపు 1.07 కిలోలు. సముద్ర మట్టాన 15 డిగ్రీల ప్రామాణిక వాతావరణంలో అది 1.225 కిలోలు. 43 డిగ్రీల వేడి, ఊరి ఎత్తు కలిసి ఎనిమిదో వంతు గాలిని తినేస్తాయన్నమాట. ఈ లోటు ఇంజన్ శక్తిలోనూ కనిపిస్తుంది, వింగు ఇచ్చే డౌన్‌ఫోర్స్‌లోనూ కనిపిస్తుంది. మన దేశంలోని ఫార్ములా స్టూడెంట్ పోటీ అయిన ఫార్ములా భారత్ జరిగేది జనవరిలో కోయంబత్తూరులోని కరి మోటార్ స్పీడ్‌వేలో. కనుక మేలో ఇక్కడ కొలిచిన అంకెలను అక్కడి అంకెలతో నేరుగా పోల్చవద్దు, సాంద్రతతో సరిచేసి రాసుకోండి.

సిలిండరు పూర్తిగా నిండదు కాబట్టి కొంచెం తగ్గించి, ఇంధనం బరువు కలిపితే సెకనుకు 31 గ్రాముల వాయువు పైపులోంచి బయటికి వస్తుంది. 18,000 ఆర్‌పీఎంతో తిరిగిన 2.4 లీటర్ల వీ8 ఫార్ములా వన్ ఇంజన్ నుంచి వచ్చేది దాదాపు అర కిలో. తేడా 15 రెట్లకు పైనే.

చివర వద్ద వాయువు ఉష్ణోగ్రత 800 కెల్విన్, పైపు లోపలి వ్యాసం 40 మిల్లీమీటర్లు అనుకుందాం. అప్పుడు వాయువు సగటు వేగం సెకనుకు 57 మీటర్లు వస్తుంది. ద్రవ్యరాశి ప్రవాహాన్ని వేగంతో గుణిస్తే 1.8 న్యూటన్లు. అంటే 180 గ్రాముల బరువు పాటి తోపు. దాన్ని మీ కారు కింద ప్రవహించే గాలితో పోల్చండి. ఒక మీటరు వెడల్పు, నేల నుంచి 5 సెంటీమీటర్ల ఎత్తు, సెకనుకు 15 మీటర్ల వేగం, అంటే గంటకు 54 కిలోమీటర్లు. సెకనుకు 0.8 కిలోల గాలి, 12 న్యూటన్ల ద్రవ్యవేగం.

12లో 1.8, అంటే పదిహేను శాతం, తక్కువేమీ కాదు కదా అని మీకు తోచవచ్చు. మంచి ప్రశ్నే, కానీ ఆ అంకె పూర్తి థ్రాటిల్‌లో 9,000 ఆర్‌పీఎం వద్ద వచ్చేది. డౌన్‌ఫోర్స్ మీకు అవసరమయ్యేది మలుపు మధ్యలో. అక్కడ థ్రాటిల్ సగమో పావో తెరిచి ఉంటుంది, వేగమూ తక్కువే, ప్రవాహం మూడో వంతుకు పడిపోతుంది. పైపు వ్యాసం మారదు కాబట్టి ధార వేగం కూడా మూడో వంతే అవుతుంది. ద్రవ్యవేగం రెండింటి లబ్ధం, కనుక తొమ్మిదో వంతు. పదిహేను శాతం కాస్తా రెండు శాతం లోపుకు దిగిపోతుంది. బ్రేకు వేస్తూ మలుపులోకి దిగేటప్పుడు దాదాపు సున్నా. దీనికి తోడు మీది ఒకే సిలిండరు. 6,000 ఆర్‌పీఎం వద్ద సెకనుకు 50 పేలుళ్లు, ఒక్కో పేలుడుకు మధ్య కారు 30 సెంటీమీటర్లు ముందుకు వెళ్తుంది. డిఫ్యూజర్ అంచును కాపాడాల్సిన ధార ఉండి ఉండి వచ్చే పిడికిళ్లుగా మారుతుంది. లీకు ఆగదు.

థ్రాటిల్‌ను బట్టి మారే డౌన్‌ఫోర్స్, అది చిన్నదైనా సరే, కొత్త డ్రైవరుకు మంచిది కాదు. మలుపులో భయపడి కాలు ఎత్తిన క్షణంలోనే వెనుక టైర్ల పట్టు తగ్గితే కారు తిరిగిపోతుంది. మీ డ్రైవర్లూ విద్యార్థులే కదా. కారు వాళ్లకు నమ్మకం కలిగించేలా ప్రవర్తించాలి. నా దృష్టిలో ఈ ఒక్క కారణం చాలు.

నిబంధనల సంగతి కూడా చూడండి. కారు కింది గాలిని యంత్ర సాయంతో తరలించే ఏర్పాట్లను కొన్ని ఫార్ములా స్టూడెంట్ పోటీలు నిషేధిస్తాయి. ఊదే ఎగ్జాస్టు దాని కిందికి వస్తుందా రాదా అని వాదించే అవకాశం ఉంది కానీ, తనిఖీ రోజున ఆ వాదన పెట్టుకోవడం దండగ. ఎవరైనా ఇంకా చేయాలనుకుంటే నిర్వాహకులను ముందుగా రాతపూర్వకంగా అడగాలి.

ఇలాంటిదే ఇంకో నమ్మకం జట్లలో తిరుగుతుంటుంది: ఎగ్జాస్టు చివరను కారు వెనుక తక్కువ పీడనం ఉన్న చోట పెడితే గాలి వాయువును లాగేసి ఇంజన్ శక్తి పెంచుతుందని. గంటకు 54 కిలోమీటర్ల వేగంలో గాలి గతిక పీడనం (గాలి కదలిక వల్ల పుట్టే పీడనం) 120 పాస్కల్స్. వాతావరణ పీడనం 97,000 పైమాటే. ఈ తేడాను ఇంజన్ పసిగట్టలేదు. గంటకు 300 కిలోమీటర్ల వేగంలో అదే 3,700 పాస్కల్స్ దాకా వెళ్తుంది, అక్కడ దాని గురించి ఆలోచించడంలో అర్థం ఉంది.

సరే, ఎగ్జాస్టు నిజంగా లాభం ఇచ్చే చోటికి వద్దాం. పైపులో వాయువు ప్రవహించడం ఒక సంగతి, పీడన తరంగం ప్రయాణించడం ఇంకో సంగతి. సగటు వాయువు వేగం సెకనుకు 50, 60 మీటర్లే, తరంగం మాత్రం ఆ వేడి వాయువులో ధ్వని వేగంతో, అంటే సుమారు 570 మీటర్లతో పరుగెడుతుంది. ఎగ్జాస్టు వాల్వు తెరుచుకోగానే సిలిండరులోని అధిక పీడనం ఒక తరంగంగా పైపులోకి దూకుతుంది. పైపు ఎక్కడ హఠాత్తుగా వెడల్పవుతుందో అక్కడ ఆ తరంగం గుణం మార్చుకుని, తక్కువ పీడనపు తరంగంగా వెనక్కి తిరుగుతుంది. అది వాల్వు దగ్గరికి సరైన వేళకు చేరితే సిలిండరులో మిగిలిన కాలిన వాయువును లాగేస్తుంది. ఇన్‌లెట్, ఎగ్జాస్టు వాల్వులు రెండూ కాసేపు తెరిచి ఉండే ఓవర్‌ల్యాప్ సమయంలో అయితే, పిస్టన్ కిందికి దిగకముందే కొత్త గాలిని కూడా లోపలికి లాగడం మొదలుపెడుతుంది. తప్పు వేళకు చేరితే ఆ మేరకు నష్టం చేస్తుంది. పైపు పొడవు నిర్ణయించడం అంటే ఈ వేళను నిర్ణయించడమే.

తరంగం వెళ్లి రావడానికి క్రాంకు సుమారు 120 డిగ్రీలు తిరిగే వ్యవధి ఇవ్వడం ఇంజన్ పనివాళ్లలో పాత పద్ధతి. ఓవర్‌ల్యాప్ అంతకన్నా ఆలస్యంగా వస్తుంది కదా అని మీకు సందేహం రావచ్చు. వెనక్కి వచ్చే తరంగం సన్నని గీత కాదు, బాగా వెడల్పైనది. పైపు చివర శంకువు ఆకారంలో క్రమంగా తెరుచుకుంటే ఇంకా సాగుతుంది. పిస్టన్ పైకి వస్తుండగానే లాగుడు మొదలై ఓవర్‌ల్యాప్ దాకా కొనసాగితే మేలు. 9,000 ఆర్‌పీఎం వద్ద 120 డిగ్రీలకు పట్టే కాలం 2.22 మిల్లీసెకన్లు. ఆ కాలంలో తరంగం 1.27 మీటర్లు పోతుంది. రాకపోకలు కాబట్టి సగం, 63 సెంటీమీటర్లు. అదే 7,500 ఆర్‌పీఎం కోసం అయితే 76 సెంటీమీటర్లు. ఈ కొలత వాల్వు దగ్గర నుంచి, అంటే సిలిండర్ హెడ్ లోపలి పోర్టు పొడవు కూడా ఇందులోనే ఉంది. ఫ్లాంజ్ (పైపును హెడ్‌కు బిగించే పళ్లెం) నుంచి కొలిచి పైపు కోస్తే అంత మేర పొడవైపోతుంది.

మీకు ఏది? నేనైతే 7,500 వైపు మొగ్గుతాను. మీ కారు రోజంతా 9,000 దగ్గర తిరగదు. ఆటోక్రాస్‌లో (మలుపుల దారిలో ఒక్కో కారు విడిగా పరుగెత్తే పరీక్ష) మలుపు నుంచి బయటికి వచ్చేటప్పుడు 6,000 నుంచి 8,000 మధ్య ఇంజన్ ఎంత బలంగా లాగుతుందన్నదే ల్యాప్ సమయాన్ని నిర్ణయిస్తుంది. కాగితం మీద గరిష్ఠ శక్తి కాస్త తగ్గినా బాధపడకండి. మీ ఇంజన్‌కు ముందు 20 మిల్లీమీటర్ల రిస్ట్రిక్టర్ (లోపలికి వెళ్లే గాలిని పరిమితం చేసే ఇరుకు గొంతు) కూడా ఉంది. నిరంతరంగా పీలిస్తే అది సెకనుకు 70 గ్రాముల దాకా ఇవ్వగలదు, మీకు కావలసింది 30 లోపే. కానీ ఒకే సిలిండరు పావు కాలంలోనే మొత్తం గాలి పీల్చేస్తుంది కాబట్టి ఆ క్షణంలో రిస్ట్రిక్టర్ గొంతు పట్టుకుంటుంది. ఇన్‌టేక్ ప్లీనం (రిస్ట్రిక్టర్‌కు, ఇంజన్‌కు మధ్య గాలి నిలవ ఉండే డబ్బా) చాలినంత పెద్దది కాకపోతే, ఎగ్జాస్టు మీద మీరు పెట్టిన శ్రమ కొంత వృథా అవుతుంది.

వ్యాసం విషయంలో లావు పైపు మంచిదన్న అపోహ వదులుకోండి. పైపు మరీ లావైతే తరంగం బలహీనపడుతుంది, మరీ సన్ననైతే పిస్టన్ వాయువును తోయడానికి కష్టపడుతుంది. 38, 40, 42 మిల్లీమీటర్ల మధ్య ప్రయత్నించండి. నాలుగు సిలిండర్ల ఇంజన్ వాడే జట్లకు ఇంకో ప్రశ్న ఉంటుంది, నాలుగూ ఒకేచోట కలపాలా లేక రెండేసి జతలుగా కలిపి చివరికి ఒకటి చేయాలా అని. మొదటిది పై ఆర్‌పీఎంలో, రెండోది మధ్య ఆర్‌పీఎంలో బాగుంటుంది. మీకు ఆ చిక్కు లేదు.

శబ్దం గురించి. ఇక్కడ చాలా జట్లు చివరి రోజున దెబ్బ తింటాయి. పరిమితి సీ (C) వెయిటింగ్‌లో 110 డెసిబెల్స్, యాక్సిలరేటర్ నొక్కకుండా ఇంజన్ ఐడిల్‌లో తిరిగేటప్పుడు 103. వెయిటింగ్ అంటే ఏ పౌనఃపున్యాన్ని ఎంత లెక్కలోకి తీసుకోవాలో చెప్పే కొలత పద్ధతి. మైకును ఎగ్జాస్టు చివరకు అర మీటరు దూరంలో, 45 డిగ్రీల కోణంలో పెడతారు. పరీక్షించే ఆర్‌పీఎంను సగటు పిస్టన్ వేగం సెకనుకు సుమారు 15.25 మీటర్లు అయ్యేలా లెక్కిస్తారు. మీ ఇంజన్ స్ట్రోక్ 60 మిల్లీమీటర్లు కాబట్టి అది 7,600 దగ్గర పడుతుంది, దగ్గరి 500కు సవరిస్తే 7,500. ఆ వేగంలో మీ ఇంజన్ పేలుళ్ల పౌనఃపున్యం సెకనుకు 62. ఫోను యాప్‌లు మామూలుగా చూపించే ‘ఏ’ (A) వెయిటింగ్ ఈ తక్కువ పౌనఃపున్యంలో 26 డెసిబెల్స్ తగ్గించి చూపిస్తుంది. సీ వెయిటింగ్ ఒక డెసిబెల్ కూడా తగ్గించదు. ఫోనులో బాగానే ఉందనుకుని వెళ్లిన జట్టు పరీక్షలో ఎందుకు ఓడుతుందో ఇప్పుడు తెలిసింది కదా. సీ వెయిటింగ్ ఉన్న మీటరునే వాడండి.

గ్లాస్ ఊల్ కుక్కిన సైలెన్సర్ పై స్థాయి శబ్దాలను బాగా మింగుతుంది, 62 పౌనఃపున్యం మీద దాని ప్రభావం స్వల్పం. అక్కడ కావలసింది ఘనపరిమాణం. సైలెన్సర్ డబ్బా వీలైనంత పెద్దది పెట్టండి, ముందు ఖాళీ గది, వెనుక రంధ్రాల పైపుతో గ్లాస్ ఊల్ భాగం ఉండేలా చూడండి. బరువు ఒక కిలో పెరిగినా పోటీలోకి అడుగుపెట్టగలుగుతారు. ఒక్క జాగ్రత్త: తరంగం వెనక్కి తిరిగే చోటు ఆ ఖాళీ గది నోరే. మీరు లెక్కించిన 76 సెంటీమీటర్లు అక్కడితో ముగియాలి.

చివర ఎక్కడ పెట్టాలన్నదానికి నిబంధనలే సగం జవాబు ఇస్తాయి. వెనుక ఇరుసు మధ్య గీత నుంచి 45 సెంటీమీటర్లకు మించి వెనక్కి, నేల నుంచి 60 సెంటీమీటర్లకు మించి పైకి వెళ్లకూడదు. ఈ అంకెలను ఈ ఏటి నిబంధనల పుస్తకంతో ఒకసారి సరిచూసుకోండి. ఆ హద్దుల్లో నేను ఎంచుకునేది డిఫ్యూజర్ పై ఉపరితలానికి పైన, వెనుక వింగు కింది భాగానికి దూరంగా, మధ్య గీతకు కాస్త పక్కన. వింగు కింది వైపే డౌన్‌ఫోర్స్ పుట్టేది, అక్కడి గాలిని వేడి ధారతో కలవరపెట్టవద్దు. మీరు వాడే సాధారణ ఎపాక్సీ రెసిన్ వంద డిగ్రీల దరిదాపుల్లోనే మెత్తబడడం మొదలవుతుంది. ఎగ్జాస్టు ధార అయిదు వందల డిగ్రీలు. వింగు ఆధారాలు, డిఫ్యూజర్ అంచు, బ్రేకు గొట్టాలు, ఇంధన ట్యాంకు, వీటిలో ఏదైనా పైపుకు దగ్గరగా ఉంటే మధ్యలో అల్యూమినియం రేకు అడ్డుపెట్టి, రేకుకు, భాగానికి నడుమ గాలి ఆడే ఖాళీ వదలండి. భాగాల మీద అంటించి వేడిని చూసే ఉష్ణోగ్రత పట్టీలు దొరుకుతాయి, అనుమానం ఉన్న ప్రతి చోటా అంటించి చూస్తే ఊహలతో పని ఉండదు.

పైపును రేడియేటరు నుంచి వచ్చే గాలి దారిలో పెట్టవద్దు. డిఫ్యూజర్ నుంచి పైకి వచ్చే గాలికి సైలెన్సర్ డబ్బా అడ్డం పడకుండా చూడండి. నిజం చెప్పాలంటే, ఊదే ఎగ్జాస్టు ఇచ్చే రెండు శాతం కన్నా ఈ అడ్డు తొలగించడం వల్ల దక్కేది ఎక్కువ.

తయారీకి వరంగల్‌లోనే పని అవుతుంది. ఆటోనగర్‌లో సైలెన్సర్ పని చేసేవారికి చేతి నైపుణ్యం ఉంది, మీరు సరైన డ్రాయింగు ఇవ్వాలి. మామూలు యంత్రంతో వంచిన పైపు వంపు దగ్గర నొక్కుకుపోతుంది. దాని బదులు మాండ్రెల్ (వంచేటప్పుడు పైపు నొక్కుకోకుండా లోపల ఉంచే కడ్డీ) మీద వంచిన బెండు పైపులు తెప్పించుకుని, కోసి, అతికించండి. 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు చాలు, గోడ మందం 1.2 నుంచి 1.5 మిల్లీమీటర్లు. ఆర్గాన్ వెల్డింగ్ చేసేటప్పుడు పైపు లోపల కూడా ఆర్గాన్ నింపమని పట్టుబట్టండి. లేకపోతే అతుకు లోపలి వైపు నల్లగా, గరుకుగా కాలి, అక్కడే పగులు మొదలవుతుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి వ్యాకోచం. ఈ స్టీలు మీటరు పొడవు పైపు 600 డిగ్రీలు వేడెక్కితే సెంటీమీటరు పెరుగుతుంది. ఇంజన్‌కు ఒక చివర, ఛాసిస్‌కు ఇంకో చివర గట్టిగా బిగిస్తే ఆ సెంటీమీటరు ఎక్కడికి పోవాలి? అతుకు విరుగుతుంది లేదా ఫ్లాంజ్ స్టడ్డు తెగుతుంది. మధ్యలో జారే జాయింటు పెట్టి స్ప్రింగులతో పట్టి ఉంచండి, సైలెన్సర్‌ను రబ్బరు బుష్‌ల మీద వేలాడదీయండి. ఆక్సిజన్ సెన్సర్‌ను బిగించడానికి పైపుకు అతికించే బాస్‌ను (మరల ఉన్న దిమ్మ) పైపు బయటి చివరకు దూరంగా అమర్చండి. చివరకు దగ్గరైతే తక్కువ వేగాల్లో బయటి గాలి వెనక్కి వచ్చి, మిశ్రమం పలచగా ఉందని తప్పుడు కొలత ఇస్తుంది.

ఆ జారే జాయింటు ఇంకో మేలు కూడా చేస్తుంది. దాన్ని 15 సెంటీమీటర్ల మేర జరపగలిగేలా చేస్తే ఒకే పైపుతో 65 నుంచి 80 సెంటీమీటర్ల దాకా డైనో (ఇంజన్ శక్తిని కొలిచే యంత్రం) మీద పరీక్షించవచ్చు. ప్రతి పొడవుకూ ఇంధన మ్యాపును (ఏ వేగంలో ఎంత ఇంధనం ఇవ్వాలో చెప్పే పట్టిక) మళ్లీ సరిచేయండి. పొడవు మార్చి మ్యాపు మార్చకపోతే మీరు కొలుస్తున్నది పైపును కాదు, మిశ్రమంలోని తేడాను. డైనో గది ఉష్ణోగ్రత, పీడనం ప్రతి పరుగుకూ రాయండి. ఉదయం ఆరు గంటల పరుగుకూ మధ్యాహ్నం రెండు గంటల పరుగుకూ వచ్చే తేడాలో చాలా భాగం గాలి సాంద్రతదే అయి ఉంటుంది.

ఏరో వైపు కూడా ఖరీదైన పరికరం అక్కర్లేదు. డిఫ్యూజర్ మీద, వింగు కింద చిన్న దారపు ముక్కలు అంటించి, కారు వెంట ఇంకో బండిలో వెళ్తూ వీడియో తీయండి. కొత్తవాడలో తివాచీలు నేసే వారి దగ్గర మిగిలిన నూలు చాలు. ఎగ్జాస్టు దగ్గర సింథటిక్ దారం కరిగిపోతుంది, నూలు కాస్త ఎక్కువ సేపు తట్టుకుంటుంది. దారాలు వెనక్కి నిలకడగా పడుకుంటే ప్రవాహం ఉపరితలాన్ని అంటుకుని ఉంది. వణుకుతూ ముందుకు తిరుగుతుంటే అక్కడ విడిపోయింది. ఎగ్జాస్టు చివరను ఆ చోట పెట్టి ఒకసారి, అక్కడి నుంచి తీసేసి ఒకసారి, ఒకే వేగంలో వీడియో తీసి పక్కపక్కన పెట్టి చూడండి.

మీరు వాడుతున్న, వాల్వులను తెరిచే క్యామ్ ఇంజన్‌తో వచ్చినదేనా, మార్చారా అన్నది రాయలేదు. ఎగ్జాస్టు వాల్వు ఎన్ని డిగ్రీల వద్ద తెరుచుకుంటుందో, ప్లీనం ఘనపరిమాణం ఎంతో, సైలెన్సర్‌కు ఛాసిస్‌లో ఎంత చోటు మిగిలిందో ఇక్కడ రాయండి. ఆ మూడూ తెలిస్తే 120 డిగ్రీల అంచనా వదిలేసి మీ ఇంజన్‌కే సరిపోయే పొడవు లెక్కిద్దాం.